రెండు అణాలు

ట్రైపాడ్ కాళ్లను ఇంకోసారి తొక్కు. రాత్రి వానకు చెల్క మెత్తబడింది, మిషన్ పక్కకు ఒరిగితే లెక్కంతా పోతుంది. బుడగ నడిమికి వచ్చిందా? ఇప్పుడు తలెత్తి చూడు.

దేవరకొండ అవతల ఒక పల్లె. మోకాలెత్తు పత్తి. గెట్టుకు అటు అన్న, ఇటు తమ్ముడు. నోటీసు అందుకున్న చుట్టుపక్కల రైతులు కూడా వచ్చారు. తమ్ముడి చేతిలో గడ్డపార. రాయి పాతడానికే తెచ్చాడట.

ఇది 2025 ఆగస్టు. నీకింకా సర్వేయర్ లైసెన్స్ రాలేదు. మే 26న మొదలైన 50 రోజుల శిక్షణ నల్లగొండలో అయిపోయింది, పరీక్షా రాశావు. ఇప్పుడు మండల సర్వేయర్ వెంట పొలాలు తిరుగుతున్నావు. "ఇయ్యాల నువ్వే కొలువు, నేను చూస్త" అని ఆయన వేపచెట్టు కిందికి వెళ్లిపోయాడు.

అన్న తన రెండెకరాలు అమ్ముతున్నాడు. భూభారతి చట్టం ప్రకారం అమ్మే భూమికి సర్వే పటం జతపడాలి. ఊరూరా కొలవడానికి ప్రభుత్వ సర్వేయర్లు చాలరు. నిన్ను తయారు చేస్తున్నది అందుకే.

టిపన్ నకలు విప్పు. నిజాం కాలంలో కొలిచినప్పటి లెక్క ఇది, ఇందులో మీటర్లుండవు. చెయిను 33 అడుగులు, చెయినుకు 16 అణాలు. అంటే అణాకు రెండడుగుల ముప్పావు అంగుళం. చెయిను పొడవు, చెయిను వెడల్పు ఉన్న నేల ఒక గుంట. అన్న మూల రాయి నుంచి ఉమ్మడి రాయికి 9 చెయిన్ల 4 అణాలని రాసి ఉంది. మీటర్లలోకి మార్చు: 93.04.

ప్రిజం కర్రను ఉమ్మడి రాయి మీద నిలబెట్టించు. మీట నొక్కు.

91.78.

మళ్లీ నొక్కు. అదే అంకె. రాయి రెండు అణాలు అన్న వైపు జరిగి ఉంది. నాలుగడుగులే కదా అనిపిస్తుంది. కానీ గెట్టు పది చెయిన్ల పొడవుంది, అవతలి కొస సరిగ్గా ఉన్నా సరే, మధ్యలో కోసుకుపోయేది అర గుంట పైచిలుకు.

పక్కనే ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి అంటాడు: "కొత్తగ వచ్చినవ్ బిడ్డా. రాయి యాడున్నదో ఆడనే సరిగ్గున్నదని రాసెయ్. లొల్లి ఎందుకు?"

అందరూ నిన్నే చూస్తున్నారు. వేపచెట్టు వైపు చూస్తావు. ఆయన పలకడు. అక్టోబర్ 19న శిల్పకళావేదికలో లైసెన్స్ ఇచ్చాక, ఆ చెట్టు కింద ఆయన కూడా ఉండడు. నువ్వు గీసిన పటాన్ని ఆఫీసులో సరిచూస్తారు. గెట్టు మీద మాత్రం నువ్వొక్కదానివే.

"ఎంతొచ్చింది?" తమ్ముడు అడుగుతాడు.

గడ్డపార నేల మీంచి లేచింది.

అన్న ఒకడుగు ముందుకేస్తాడు.

అంకె చెప్తావా?

ఇప్పుడే కాదు. ఒక్క వైపు కొలత చాలదు.

"మీ దిక్కు నుంచి కూడ కొలుద్దాం. కర్ర మీరే పట్టుకోండి."

తమ్ముడు నిన్ను ఎగాదిగా చూస్తాడు. కర్ర పట్టుకోవాలంటే గడ్డపార కింద పెట్టాలి. పెడతాడు.

మిషన్‌ను అతని మూల రాయి దగ్గరికి మోసుకుపో. అక్కడి నుంచి టిపన్ లెక్క 8 చెయిన్ల 12 అణాలు, అంటే 88.01 మీటర్లు. ఉమ్మడి రాయి మీద కర్ర పెట్టించు. 89.27. ఇక్కడ మిగిలింది, అక్కడ తగ్గింది ఒకటే.

"ఇటు రండి. ఇంకొంచెం. ఆగండి."

కర్ర మొన అతని పత్తి సాలులోనే దిగింది. అంకె బిగ్గరగా చదువు. అన్న వైపు నుంచి వచ్చిన లెక్కా జానెడు లోపే అక్కడికే వస్తోందని చెప్పు. పాత చెయిను కొలతకు ఆ మాత్రం తేడా ఉంటుంది. అతను కర్ర వదలకుండా సాలు పొడవునా చూస్తాడు.

"పత్తి ఏరేదాక ఆగుతరా?"

అడిగింది నిన్ను. జవాబు చెప్పాల్సింది నువ్వు కాదు. అన్న చాలాసేపటికి నోరు విప్పుతాడు. "ఏరుకో. కొనేటోళ్లతోని నేను మాట్లాడ్త."

పంచనామా కాగితం తియ్యి. రెండు వైపుల కొలతలూ రాయి. పత్తి ఒప్పందం కూడా వాళ్ల మాటల్లోనే రాసి, సంతకాలకు ముందు ఇద్దరికీ చదివి వినిపించు.