కృష్ణా లోయ బౌద్ధంలో దుఃఖం, దానం

క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండ లోయలో, వర్ధిల్లిన బౌద్ధానికి ఇంటి వాసన ఎక్కువ. తృష్ణ వదిలితేనే దుఃఖం తీరుతుందని భిక్షువులు బోధించిన చోటే, దానాలు చేసిన స్త్రీలు తమవాళ్లను ఒక్కరినీ వదలకుండా శాసనాల్లోకి ఎక్కించారు.

వంశకర్త వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, మహాసేనుడి (కార్తికేయుడి) భక్తుడు. ఆయన సోదరి శాంతిశ్రీ మాత్రం అక్కడి మహాచైత్యానికి (పెద్ద స్తూపానికి) పెద్ద దాత. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో ఆమె నిలిపిన ఆయక స్తంభం (స్తూపం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీది స్తంభం) కోరికలను వరసగా చెబుతుంది: పుట్టింటికీ మెట్టినింటికీ క్షేమం, తనకు ఇహపర సుఖాలు, ఆపైన నిర్వాణం. ఈ మూడూ ఒక్క వాక్యంలో ఇమడటం ఆమెకు వింతగా తోచినట్టు లేదు. మేనరికం మీద వీరపురుషదత్తుడి రాణి అయిన బాపిశ్రీ తన తల్లి హమ్మశ్రీని తలచుకుని మరో స్తంభం నిలిపింది. ఇక చుల్లధమ్మగిరి మీద సింహళ థేరులకు చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిశ్రీ శాసనం చదువుతుంటే పెళ్లి శుభలేఖ గుర్తొస్తుంది. భర్త, అత్తమామలు, మరుదులు, ఆడబిడ్డ, తాత, కన్నవాళ్లు, తోబుట్టువులు, అందరూ ఆ పుణ్యంలో వాటాదారులే.

పుణ్యాన్ని తనవాళ్లకు పంచే ఈ ధోరణి సిద్ధాంతంలోనూ కనిపిస్తుంది. పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక అనే ఆంధ్రదేశపు బౌద్ధ శాఖలను ‘కథావత్థు’ పాళీ వ్యాఖ్య కలగలిపి ‘అంధకులు’ అంది. ఇక్కడిచ్చిన దానంతో అక్కడ ప్రేతలు బతుకుతారన్న వాదం రాజగిరిక, సిద్ధార్థికులదని అదే వ్యాఖ్య చెబుతుంది. ఎవరి కర్మ వారిదేనన్న థేరవాదుల ‘కథావత్థు’ దీన్ని ఖండించింది. చనిపోయినవారికి పెట్టుకునే నేలమీద అలాంటి వాదం నిలదొక్కుకోవడం సహజమే. బౌద్ధం రాకముందే ఈ లోయలో బృహత్‌శిలా సమాధులున్నాయి.

ఛాయాస్తంభాలు ఆ అలవాటుకే కొనసాగింపులా కనిపిస్తాయి. పోయినవారి జ్ఞాపకంగా చెక్కి నిలిపిన రాళ్లివి. వీరపురుషదత్తుడి పాలన 20వ ఏట, శాంతమూలుడి స్తంభాన్ని ఆయన తల్లి, సోదరీమణులు, రాణులు కలిసి నిలిపారు. యుద్ధంలో పడిన సైనికులకూ ఇలాంటివి దక్కాయి.

ఇదే ఇంటి మమకారానికి బౌద్ధేతర ఆనవాలు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. వీరపురుషదత్తుడి కొడుకు ఎహువల శాంతమూలుడి రాణి ఖండువుల చేయించిన దేవతామూర్తి శాసనం ఆమెను ‘అవిధవ’, ‘జీవపుత్ర’ అంటుంది. భర్త ఉన్నాడు, బిడ్డ బతికున్నాడు అని రాతిమీద రాయించుకునేంత విషయం అది. పిల్లలను కాపాడే బౌద్ధ దేవత హారీతికీ ఆ లోయలోనే గుడి ఉండేది.