మీటిన తీగ నిలబడాలంటే

మీటి వాయించే తీగ వాయిద్యాలన్నిటికీ ఉన్న ఇబ్బంది ఒకటే. మీటిన క్షణంలో శబ్దం ఒక్కసారిగా ఎగసి, మరుక్షణం నుంచే సన్నగిల్లడం మొదలుపెడుతుంది. వయొలిన్‌కు కమాను ఉంది, సన్నాయికి ఊపిరి ఉంది. గిటారుకు అలాంటి ఆసరా ఏదీ లేదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించబోయినప్పుడు అడ్డుపడింది కూడా ఇదే. గమకం పలకాలంటే స్వరం కాసేపైనా నిలవాలి. మామూలు మాండలిన్ మీద అది నిలవదు. జంట తీగలు మానేసి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ వాయిద్యంగా మార్చుకున్నాకే అది గమకాలకు లొంగింది.

ఎలక్ట్రిక్ గిటారు వాళ్లు ఇదే ఇబ్బందికి కాలి దగ్గర పెట్టుకునే చిన్న డబ్బాతో దారి వెతుక్కున్నారు. అదే కంప్రెసర్ పెడల్. గట్టి శబ్దాన్ని కాస్త అణచి, మెల్లటి శబ్దాన్ని పైకి లేపి, రెంటినీ దగ్గరకు చేర్చడం దాని పని. ఇవాళ మూడు నాలుగు వేల రూపాయలు పెడితే కొత్తది దొరుకుతుంది. అంత చవకది కాబట్టి అదేదో ఖరీదైన స్టూడియో యంత్రానికి నాసిరకం నకలని వాయించేవాళ్లలోనే చాలామందికి చిన్నచూపు. పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఆ మాట అనలేం. గిటారు కంప్రెసర్ పుట్టిందే చవక సరుకుగా. తక్కువ భాగాలతో ముగించాల్సి రావడం వల్లే దానికి ఆ గొంతు వచ్చింది.

అసలు కంప్రెసర్ సంగీతం కోసం పుట్టలేదు. రేడియో ప్రసారాన్ని హద్దుల్లో ఉంచడానికి పుట్టింది. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌కు పంపే శబ్దం మోతాదు మించితే మాడ్యులేషన్ వంద శాతం దాటిపోతుంది. అప్పుడు వినేవాళ్ల చెవిలో గరగర, పక్క స్టేషన్ల మీదికి చొరబాటు. తొలిరోజుల్లో ఈ కాపలా మనిషే కాసేవాడు. ఇంజినీరు కళ్లు మీటరు మీద, చేయి నాబ్ మీద. గాయకుడు గొంతెత్తగానే తగ్గించాలి, దించగానే పెంచాలి. ముందే తెలిసిన పాటైతే సరే. ఎప్పుడు గర్జిస్తాడో తెలియని వక్త మైకు ముందుంటే చేయి అందుకునేలోపే జరగాల్సింది జరిగిపోయేది. 1937లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థ తెచ్చిన 110-ఎ యాంప్లిఫయర్ ఆ పనిని వాల్వులకు అప్పగించింది. శబ్దం గీత దాటబోతే యంత్రమే దాన్ని వెనక్కి లాగేది.

ఆ తర్వాత ఇదే పరికరం గ్రామఫోన్ రికార్డుల తయారీకి చేరింది. అక్కడా భయం ఇలాంటిదే. ఒక్క గట్టి దెబ్బ ఎక్కువైతే రికార్డు మీద గాడి పక్క గాడిలోకి పోతుంది, ఇంట్లో ముల్లు ఎగిరిపడుతుంది. ఎస్టోనియా నుంచి అమెరికా వచ్చిన రెయిన్ నార్మా రూపకల్పనతో 1950ల చివర వెలువడిన ఫెయిర్‌చైల్డ్ 670లో వాల్వులే ఇరవై, బరువు 30 కిలోల దాకా. ఎలక్ట్రిక్ గిటారు చరిత్రలో పెద్ద పేరైన లెస్ పాల్ స్టూడియోకు పరికరాలు కట్టి ఇచ్చిందీ ఈ నార్మాయే. గిటారుకూ కంప్రెసర్‌కూ చుట్టరికం అప్పటికే కలిసిందన్నమాట.

కాలిఫోర్నియాలోని పాసడీనాలో జిమ్ లారెన్స్ మరో దారి తొక్కాడు. ఆయన టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఎలో శబ్దం పెరిగితే లోపల ఒక చిన్న పలక వెలుగుతుంది. ఎదురుగా ఉన్న కాడ్మియం సల్ఫైడ్ ముక్క మీద ఆ వెలుగు పడితే దాని నిరోధం తగ్గి, శబ్దం అణగుతుంది. వెలుగు ఆరాక కూడా ఆ ముక్క వెంటనే పూర్వస్థితికి రాదు, మెల్లగా కోలుకుంటుంది. చెవికి హాయిగా ఉండే ఆ మెతకదనం అక్కడి నుంచే వచ్చింది. 1967లో బిల్ పుట్నమ్ తెచ్చిన 1176 దీనికి పూర్తిగా వేరు. వాల్వుల బదులు ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్ వాడి, సెకనులో లక్షో వంతుల్లో లెక్కపెట్టే వేగంతో శబ్దాన్ని పట్టుకునేది.

ఇన్ని రకాలు వచ్చినా వీటిని చేసినవాళ్ల ఉద్దేశం ఒక్కటే. పని జరగాలి, జరిగినట్టు వినేవాళ్లకు తెలియకూడదు. ఆ మర్యాద తప్పింది 1965లో, హాలీవుడ్‌లోని కొలంబియా స్టూడియోలో. ద బర్డ్స్ బృందం ‘మిస్టర్ టాంబొరిన్ మ్యాన్’ రికార్డు చేస్తున్నప్పుడు రోజర్ మెక్‌గ్విన్ చేతిలో పన్నెండు తీగల రికెన్‌బాకర్ ఉంది. రాక్ బృందాల హోరుకు తన పరికరాలు పాడవుతాయేమోనన్న జాగ్రత్తతో ఇంజినీరు రే గెర్హార్ట్ అన్నిటినీ గట్టిగా కంప్రెస్ చేశాడని మెక్‌గ్విన్ తర్వాత చెప్పుకున్నాడు. కాపలాకు పెట్టిన పరికరం అక్కడ వాయిద్యంలో భాగమైపోయింది. విడివిడిగా, మెరుస్తూ, తరగకుండా సాగే ఆ గిటారు ధ్వని ఆ పాటకే గుర్తుగా నిలిచింది. గిటారు మీద కంప్రెషన్ అంటే ఏమిటో మామూలు శ్రోతకు మొదట చెప్పిన పాట అదేనని నా అభిప్రాయం.

అయితే ఆ ధ్వని స్టూడియో గోడలు దాటి రాలేదు. బరువైన యంత్రాన్ని ఊరూరా మోసుకెళ్లి క్లబ్బులో వాయించే స్తోమత ఎవరికుంది?

జవాబు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నుంచి వచ్చింది. కీత్ బార్, టెర్రీ షెర్వుడ్ అనే ఇద్దరు కుర్ర మిత్రులు ఆడియో పరికరాల రిపేర్లు చేస్తూ 1970ల తొలినాళ్లలో ఎంఎక్స్‌ఆర్ సంస్థ పెట్టారు. అరచేతిలో ఇమిడే లోహపు డబ్బాల్లో ఒక్కో ఎఫెక్ట్ చేసి అమ్మడం వాళ్ల పద్ధతి. అలా వచ్చిన ఎర్ర డబ్బా డైనా కాంప్. పైన ఉన్నవి రెండే నాబ్‌లు. ఒకటి ఔట్‌పుట్, రెండోది సెన్సిటివిటీ. స్టూడియో యంత్రం మీద ఉండే మీటరు లేదు, శబ్దాన్ని ఎంత వేగంగా పట్టుకోవాలో చెప్పే అటాక్ లేదు, ఎంత వేగంగా వదలాలో చెప్పే రిలీజ్ లేదు. లోపల పని చేసేది ఆర్‌సీఏ కంపెనీ చిప్ ఒకటి, దాని పేరు సీఏ3080. చుట్టూ నాలుగైదు ట్రాన్సిస్టర్లు, కాసిని రెసిస్టర్లు, కెపాసిటర్లు.

ఆ సర్క్యూట్‌ను కాస్త దగ్గరగా చూడటం అవసరం. గిటారు సంకేతం చిప్ గుండా పోతుంది. దాన్ని ఎంత పెంచాలన్నది చిప్ ఐదో కాలికి అందే కరెంటు నిర్ణయిస్తుంది. ఆ కరెంటుకు ఆధారం 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్. అది 150 కిలోఓమ్‌ల రెసిస్టర్ గుండా, సన్నటి కుళాయి కింద పెట్టిన బిందెలా నెమ్మదిగా నిండుతుంది. తీగను గట్టిగా మీటగానే రెండు ట్రాన్సిస్టర్లు తెరుచుకుని అందులో ఉన్నదంతా గబుక్కున లాగేస్తాయి. ఐదో కాలికి కరెంటు తగ్గుతుంది, శబ్దం అణగుతుంది. స్వరం సన్నగిల్లే కొద్దీ ఆ ట్రాన్సిస్టర్లు మూసుకుంటాయి, కెపాసిటర్ మళ్లీ నిండటం మొదలవుతుంది. నిండటానికి సెకనుకు పైగానే పడుతుంది. అంటే కింద తీగ తగ్గుతుంటే పైన చిప్ పెంచుతూ పోతుంది. స్వరం నిలబడినట్టు మన చెవికి అనిపించేది ఇందువల్లే.

ఈ రెసిస్టర్ విలువ ఖాయం. వాయించేవాడు మార్చలేడు. మీటిన మొదటి క్షణాన్ని సర్క్యూట్ పూర్తిగా పట్టుకోలేదు కాబట్టి ఆ మొదటి ‘టక్’ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. వెంటనే శబ్దం నొక్కుకుపోయి, మళ్లీ ఉబుకుతుంది. స్టూడియో ఇంజినీరు దీన్ని లోపమనేవాడు. నాష్‌విల్ కంట్రీ గిటారిస్టులకు సరిగ్గా ఆ ‘టక్’ కావాలి. గోటితో తీగను లాగి వదిలే వాళ్ల పద్ధతికి అది ప్రాణం పోసింది. ద పోలీస్ బృందంలో ఆండీ సమర్స్ విడివిడి స్వరాలు గడియారంలా పడే తన వాయింపుకు డైనా కాంప్ వాడాడు. స్లయిడ్ వాయించే లోవెల్ జార్జ్ అయితే కంప్రెషన్ బాగా దట్టించి, లోహపు గొట్టం కింద స్వరాన్ని గాయకుడి గొంతులా సాగదీశాడు. కంప్రెసర్ తెలియకుండా పని చేయాలన్న పాత నియమం వీళ్లెవరికీ పట్టలేదు.

అదే దశాబ్దంలో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుతో ఆరెంజ్ స్క్వీజర్ వచ్చింది. అది ఇంకా పొదుపు. బయట ఒక్క నాబ్ కూడా లేదు. నేరుగా గిటారు జాక్‌లోనే గుచ్చుకునే చిన్న నారింజ రంగు డబ్బా. కాన్సస్‌లోని షనూట్ అనే చిన్న ఊరి నుంచి బడ్ రాస్ దాదాపు డైనా కాంప్ సర్క్యూట్‌తోనే రాస్ కంప్రెసర్ చేశాడు. అప్పట్లో అది సామాన్యుల సరుకే. ఫిష్ బృందం గిటారిస్టు ట్రే అనాస్టాసియో వాడుతున్నాడని తెలిశాక పాత రాస్ డబ్బాల ధర ఆకాశాన్నంటింది. 2001లో ఓక్లహోమాలో రాబర్ట్ కీలీ ఆ రాస్ సర్క్యూట్‌నే శ్రద్ధగా మళ్లీ కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. ఇందాకటి 150 కిలోఓమ్‌ల రెసిస్టర్ స్థానంలో తిప్పే నాబ్ పెడితే కెపాసిటర్ ఎంత వేగంగా నిండాలన్నది వాయించేవాడి చేతికి వస్తుంది. పాత పెడళ్లను బాగుచేసేవాళ్లు ఇప్పటికీ చేసే మార్పుల్లో ఇది ముఖ్యమైనది.

జపాన్‌లో బాస్ 1978లో సీఎస్-1, 1981లో సీఎస్-2, 1986లో సీఎస్-3 తెచ్చింది. లెవెల్, టోన్, అటాక్, సస్టెయిన్ అనే నాలుగు నాబ్‌ల అమరిక ఈ సీఎస్-3తోనే బాగా వాడుకలోకి వచ్చింది. కీత్ బార్ 1984లో అలెసిస్ సంస్థ పెట్టి, చవక ధరకు ర్యాక్ కంప్రెసర్ 3630 అందించాడు. ఫ్రాన్స్ జంట డాఫ్ట్ పంక్ దానితోనే తమ డ్యాన్స్ పాటలకు ఆ ఎగసిపడే లయ తెచ్చుకున్నారు. తన జీవితంలో రెండుసార్లు, వేర్వేరు సంగీతాలకు, చవక కంప్రెసర్‌తో కొత్త ధ్వని ఇచ్చిన మనిషి బార్. ఫెయిర్‌చైల్డ్ గురించి పుటలు పుటలు రాసేవాళ్లు ఆయన పేరు కూడా గౌరవంగా తలవాలి.

ఇక ఈనాటి చవక పెడళ్ల సంగతి. 2005లో బెరింగర్ సంస్థ బాస్ డబ్బాల పోలికతో పెడళ్లు తెస్తే, బాస్ మాతృసంస్థ రోలాండ్ అమెరికాలో దావా వేసింది. చివరకు రాజీ కుదిరింది, బెరింగర్ డబ్బా రూపం మార్చుకుంది. వాటి ప్లాస్టిక్ ఒళ్లు వేదిక మీద బూటుకాళ్ల కింద ఎంతకాలం నిలుస్తుందన్న అనుమానం న్యాయమైనదే. ఇంట్లో సాధనకు మాత్రం ఢోకా లేదు. షెన్‌జెన్ నుంచి వచ్చిన జోయో డైనమిక్ కంప్రెసర్ రాస్ దారిలో నడిచింది. అక్కడిదే మూయర్ ఎల్లో కాంప్ అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా ఉండి, జిమ్ లారెన్స్ లాగే వెలుగుతో పని చేస్తుంది. సీఏ3080 తయారీ ఆగిపోయింది కాబట్టి కొత్తగా కట్టేవాళ్లు చాలామంది ఎల్‌ఎం13700 చిప్‌ను వాడుకుంటున్నారు.

చవక పెడల్ కొన్నవాళ్లు నిరాశపడేది ఎక్కువగా హోరు వల్ల. దానికి కారణం ధర కాదు, ఇందాకటి కెపాసిటరే. తీగ మోగనప్పుడు అది పూర్తిగా నిండి ఉంటుంది, అంటే చిప్ గరిష్ఠంగా పెంచుతుంటుంది. అప్పుడు గిటారులో ఉన్న సన్నటి సొద, ఎర్తింగ్ సరిగా లేని ఇంటి కరెంటు తెచ్చే గుంయ్‌మనే మోత, చవక అడాప్టర్ కీచు అన్నీ పెద్దవవుతాయి. మంచి 9 వోల్ట్ అడాప్టర్ కొంటే సగం గోల అక్కడే తగ్గుతుంది. ఆ డబ్బు పెడల్ మీద కంటే దీని మీద పెట్టడం మేలు.

పెడల్‌ను గిటారు పక్కనే, డిస్టార్షన్‌కు ముందు పెట్టాలి. తర్వాత పెడితే డిస్టార్షన్ హోరును కూడా అది లేపుతుంది. ఫజ్ పెడల్ ఒక్కటి మినహాయింపు. దానికి గిటారు నేరుగా తగలడమే ఇష్టం కాబట్టి దాన్నే ముందుంచాలి. సెన్సిటివిటీని కనిష్ఠానికి తిప్పి, పెడల్ ఆపినా నొక్కినా శబ్దం ఒకే స్థాయిలో ఉండేలా ఔట్‌పుట్ సరిచూసుకోండి. ఈ ఒక్క పని చేయకపోతే గట్టిగా వినిపించేదే బాగుందనిపిస్తుంది, పెడల్ చేస్తున్నదేమిటో తెలియదు. ఆపైన లావు తీగను ఒకసారి మెల్లగా, ఒకసారి బలంగా మీటుతూ సెన్సిటివిటీని కొద్దికొద్దిగా పెంచండి. నాబ్‌ను గడియారంలా చూస్తే, గీత తొమ్మిది గంటల దగ్గర ఉన్నప్పుడు వేళ్ల హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి, మీటులోని ప్రాణం మిగులుతుంది. మధ్యకు చేరేసరికి మెల్లటి మీటుకూ బలమైన మీటుకూ తేడా దాదాపు చెరిగిపోతుంది. విడి స్వరాల శుభ్రమైన వాయింపుకు తొమ్మిది, పది గంటల మధ్య చాలు. భారీ డిస్టార్షన్ వేసినప్పుడు పెడల్ ఆపేయండి. డిస్టార్షనే స్వతహాగా శబ్దాన్ని నొక్కేస్తుంది, దాని మీద ఇంకోటి దండగ. స్లయిడ్ వాయించేటప్పుడు మాత్రం మొహమాటం లేకుండా రెండు గంటల దాకా తిప్పవచ్చు. వాయించని తీగలను అరచేతితో అదిమి ఉంచండి, లేకపోతే అవీ ఇదే జోరుతో మోగుతాయి.