రాక్షస పాత్ర (ప్రొఫెషనల్ రెజ్లింగ్)

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో భారీ శరీరంతోను, భయం గొలిపే వేషంతోను, ఎన్ని దెబ్బలు తగిలినా చలించని స్వభావంతోను ప్రేక్షకులను జడిపించే పాత్రను రాక్షస పాత్ర అనవచ్చు. ఈ వినోద క్రీడలో గెలుపు ఓటములు ముందుగానే నిర్ణయమై ఉంటాయి. ఎవరు ఎప్పుడు రంగప్రవేశం చేయాలి, ఎవరి చేతిలో ఎవరు ఓడాలి అన్నది నిర్ణయించడాన్ని బుకింగ్ అనీ, ఆ పని చేసేవారిని బుకర్ అనీ అంటారు. రాక్షస పాత్రకు ఆకారం అవసరమే కాని, దానిపట్ల భయం పుట్టేది ప్రధానంగా బుకింగ్ వల్లనే.

నిర్మాణ పద్ధతి

ఇటువంటి పాత్రను తీర్చిదిద్దడంలో సాధారణంగా ఈ క్రింది పద్ధతులు కనిపిస్తాయి.

* ప్రవేశం: దీపాలు ఆర్పివేయడం, ప్రత్యేక సంగీతం వినిపించడం, లేదా ఎవరూ ఊహించని వేళ వచ్చి పేరున్న మల్లునిపై దాడి చేయడం.
* వరుస విజయాలు: చిన్న మల్లులను రెండు మూడు నిమిషాల్లోనే ఓడించడం. ఇటువంటి ఏకపక్ష పోటీని స్క్వాష్ అంటారు.
* నొప్పిని చూపకపోవడం: తగిలిన దెబ్బకు బాధను అభినయించడాన్ని సెల్లింగ్ అంటారు. రాక్షస పాత్రధారి దీనిని చాలావరకు మానుకుంటాడు. అతని బలాన్ని తెలియజెప్పేది ఎదుటివాని అభినయమే.
* మితభాషణం: పాత్ర మౌనంగా ఉండగా, పక్కనుండే మేనేజర్ మాట్లాడతాడు.
* ఓటమి: ఇది ఆలస్యంగాను, కష్టంగాను రావాలి. తొందరపడి ఓడిస్తే అంతవరకు కట్టిన భయం ఒక్కసారిగా కరిగిపోతుంది.

యక్షగానంతో పోలిక

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పల్లెల్లో వీధి భాగవతాలు, యక్షగానాలు చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. అక్కడ హిరణ్యకశిపుడు తెర వెనుక నుండి ప్రవేశ దరువుతో, మద్దెల మోతతో, కిరీటం, భుజకీర్తులు ధరించి వస్తాడు. వరబలం వల్ల అతనికి మనిషి చేతగాని మృగం చేతగాని, పగలుగాని రాత్రిగాని, ఇంటగాని బయటగాని చావు లేదు. ఆ షరతులన్నిటినీ దాటే మార్గం నరసింహావతారం ఒక్కటే. నాగర్‌కర్నూలు జిల్లాలోకి కూడా వ్యాపించిన నల్లమల కొండల్లోనే, నంద్యాల జిల్లాలోని అహోబిలం ఆ అవతారం వెలసిన చోటని భక్తుల విశ్వాసం.

భీమ జరాసంధుల మల్లయుద్ధం మరింత దగ్గరి పోలిక. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, రెండుగా చీల్చినా జరాసంధుని శరీరం మళ్ళీ అతుక్కుంటుంది. శ్రీకృష్ణుడు గడ్డిపరకను చీల్చి తలక్రిందులుగా విసిరి చూపిన తరువాతనే భీముడు గెలుస్తాడు. బలానికి తగిన ఉపాయం దొరికినప్పుడే రాక్షసుడు ఓడాలన్న నియమం రెండు కళలకూ సమానం.

ప్రసిద్ధ ఉదాహరణలు

ఆండ్రే ద జెయింట్ (1946–1993): ఫ్రాన్సు దేశీయుడు. 1987 మార్చి 29న జరిగిన రెజిల్‌మేనియా 3లో హల్క్ హోగన్ ఇతనిని ఎత్తి పడవేసి ఓడించాడు. ఆండ్రే 15 ఏళ్ళుగా ఓటమి ఎరుగడని నిర్వాహకులు ప్రచారం చేశారు. నిజానికి అతడు అంతకుముందు ఓడిన సందర్భాలున్నాయి. 1980లో హోగనే అతనిని ఎత్తి పడవేశాడు కూడా. పాత సంగతులను మరుగుపరచి కొత్త భయాన్ని కల్పించడం బుకింగ్‌లో ఒక భాగం.

అండర్‌టేకర్: 1990 నవంబరు 22న రంగప్రవేశం చేశాడు. క్రింద పడిన మరుక్షణమే శవం లేచినట్లు నిటారుగా లేచి కూర్చోవడం ఇతని ప్రత్యేకత.

కేన్: ఈ పాత్రధారి గ్లెన్ జేకబ్స్ 1995లో పళ్ళ డాక్టరు వేషం వేసినప్పుడు ప్రేక్షకులు అంతగా పట్టించుకోలేదు. అదే మనిషి 1997 అక్టోబరు 5న ముసుగు ధరించి, ఇనుప పంజరం తలుపును ఊడబెరికి అండర్‌టేకర్ ఎదుట నిలిచినప్పుడు పెద్ద సంచలనమైంది. శరీరం మారలేదు, కథ మారింది.

ద గ్రేట్ ఖలీ

హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన దలీప్ సింగ్ రాణా పంజాబ్ పోలీసు శాఖలో పనిచేశాడు. 2006 ఏప్రిల్‌లో డబ్ల్యు.డబ్ల్యు.ఇ.లో ప్రవేశించి తొలిరోజే అండర్‌టేకర్‌ను పడగొట్టాడు. మే నెలలో పోటీలో ఓడించాడు. 2007 జూలైలో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. సెప్టెంబరులో ఆ బెల్టు బటిస్టా పరమైంది. క్రమంగా ఇతనిని హాస్య పాత్రగా మార్చారు. నవ్వించిన రాక్షసుడు తిరిగి భయపెట్టడం కష్టమని ఈ ఉదాహరణ తెలుపుతుంది. 2021లో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానం లభించింది.

తెలంగాణలో

డబ్ల్యు.డబ్ల్యు.ఇ. ప్రదర్శన 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి ఇండోర్ స్టేడియంలో జరిగింది. జాన్ సీనా, సేథ్ రోలిన్స్ ఒక జట్టుగా పోటీ చేశారు. భారతీయ భారీ మల్లులు వీర్, సంగాల జంట కూడా ఇందులో పాల్గొన్నది. అంతకుముందు టెలివిజన్ ద్వారాను, పిల్లలు ఆడుకునే ట్రంప్ కార్డుల ద్వారాను ఈ పాత్రలు తెలుగు పిల్లలకు పరిచితమే.

విఫలమైన బుకింగ్

బ్రే వైయట్ 2019లో 'ద ఫీండ్' అనే ముసుగు పాత్రను ధరించి విశేష ఆదరణ పొందాడు. ఆ ఏడాది అక్టోబరు 6న సేథ్ రోలిన్స్‌తో పోటీని రిఫరీ మధ్యలో నిలిపివేసినట్లు ముగించడంతో ప్రేక్షకులు కేకలు వేసి నిరసించారు. 2020 ఫిబ్రవరి 27న గోల్డ్‌బర్గ్ చేతిలో కొద్ది నిమిషాల్లోనే ఓడించడంతో పాత్ర పటుత్వం మరింత తగ్గింది. వైయట్ 2023 ఆగస్టు 24న, 36 ఏళ్ళ వయసులో మరణించాడు.

పాత్రధారుల ఆరోగ్యం

పోటీ ఫలితం కల్పితమైనా, దానిని మోసే శరీరం కల్పితం కాదు. ఆండ్రేకు అసాధారణ ఆకారం ఎక్రోమెగాలీ అనే వ్యాధి వల్ల కలిగింది. పిట్యూటరీ గ్రంథిలో ఏర్పడే కణితి పెరుగుదల హార్మోనును అధికంగా విడుదల చేయడం దీనికి సాధారణ కారణం. ఈ వ్యాధి కీళ్ళను, గుండెను దెబ్బతీస్తుంది. ఆండ్రే 46 ఏళ్ళకే మరణించాడు. ఖలీకి 2012లో పిట్యూటరీ కణితి తొలగింపు శస్త్రచికిత్స జరిగింది. అధిక బరువే ఆకర్షణగా ప్రదర్శించబడిన యోకోజునా 2000లో 34 ఏళ్ళకు మరణించాడు. ప్రేక్షకులు భయపడి చప్పట్లు కొట్టిన ఆకారం కొందరి విషయంలో చికిత్స అవసరమైన రోగ లక్షణమన్నది గుర్తించదగిన విషయం.

విమర్శ

పరదేశీయుడంటే భయంకరుడన్న భావనను ఈ పాత్రలు పెంచుతాయన్న విమర్శ ఉన్నది. యోకోజునా సమోవా సంతతికి చెందిన అమెరికన్ అయినా, జపాను సుమో మల్లునిగా చూపించారు. ఖలీ భాష తెలియని విదేశీయునిగా ప్రవేశించాడు. అలాగే, కల్పిత పోటీలైనప్పటికీ ఎత్తి పడవేసే విన్యాసాలకు దీర్ఘకాల శిక్షణ అవసరం. మెడకు, వెన్నెముకకు ప్రమాదం కలుగవచ్చు కనుక పిల్లలు వీటిని అనుకరించరాదు.

ఇవి కూడా చూడండి

* ప్రొఫెషనల్ రెజ్లింగ్
* మల్లయుద్ధం
* కోడి రామమూర్తి నాయుడు
* యక్షగానం
* ఎక్రోమెగాలీ