జిడ్డు మనిషి, పెసాదో మనిషి

అనంతపురానికి స్పానిష్ మాట కొత్త కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు సీమకు వచ్చి ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థను నిలబెట్టారు. ఆ సంస్థ కోసం స్పెయిన్ వాలంటీర్లు వచ్చిపోతుండేవారు. ఇక్కడి పిల్లలూ స్పానిష్ నేర్చుకుంటున్నారు.

వాళ్లు తడబడే చోటు విసుగుకు విశేషణం వెతుక్కోవడం. పట్టుకుంటే వదలని మనిషిని మనం జిడ్డు అంటాం. కడిగినా పోని నూనె అందులో ఉంది. స్పానిష్‌లో అతను 'పెసాదో', అంటే బరువైనవాడు, ఆవిడైతే 'పెసాదా'. 'పేసో' అంటే బరువు. లాటిన్‌లో తూచడమనే క్రియ దీని మూలం. అరగని తిండికీ, సాగదీసిన ఉపన్యాసానికీ ఇదే మాట. చిక్కు లెక్కకు మాత్రం చెల్లదు, దానికి 'దిఫీసిల్' ఉంది. మొండివాడు 'తెర్కో'.

అసలు చిక్కు 'మోలెస్తో'తో. 'ఎస్ మోలెస్తో' అంటే విసిగించేది, 'ఎస్తా మోలెస్తో' అంటే విసిగిపోయి ఉన్నవాడు. విశేషణం అదే, పక్కనున్న క్రియ మారితే విసిగించినవాడూ విసిగినవాడూ తారుమారవుతారు. తెలుగులో ఆ తేడా 'విసిగించు', 'విసుగు' మాటల్లోనే తేలిపోతుంది కాబట్టి మనవాళ్లకు అది చప్పున తట్టదు. స్పానిష్ మొదలుపెట్టిన పిల్లలూ, తిట్లు తర్వాత నేర్చుకోవచ్చు, ముందు ఆ రెండు క్రియల్నీ గట్టిగా పట్టుకోండి.