జంటనగరాల్లో చేనేత, హస్తకళల అంగళ్లు

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో చేతిపని వస్తువులు అమ్మే అంగళ్ల చరిత్ర మూడు దారుల్లో నడిచింది: పాత బజార్లు, ప్రదర్శనలు, ప్రభుత్వ దుకాణాలు. సికింద్రాబాద్ వాసులకు బట్టలకైనా వెండి సామానుకైనా చేరువలో ఉన్నది జనరల్ బజార్. గాజులకు చార్మినార్ పక్క లాడ్ బజార్, పాత గడియారాల్లాంటి వాటికి ముర్గీచౌక్, తుక్కులో మంచి వస్తువు ఏరుకునే ఓపిక ఉంటే గురువారం నాడు సాగే జుమ్మేరాత్ బజార్.

1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక ఉత్పత్తులకు ప్రదర్శన పెట్టింది. దాని పేరు 'నుమాయిష్ మస్నువాతె ముల్కీ'. 1946లో అది నాంపల్లికి మారింది. ఇప్పుడు జనం నోట మిగిలింది నుమాయిష్ ఒక్కటే. కశ్మీర్ శాలువాలు, లక్నో చికన్ బట్టల మధ్య 'ముల్కీ' (స్థానిక) సరుకు కోసం వెతుక్కోవాలి.

ప్రభుత్వ దుకాణాల్లో చేనేతకు ఆప్కో (1976), హస్తకళలకు లేపాక్షి పేరుపడ్డాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోని లేపాక్షి దుకాణాలు 'గోల్కొండ' అయ్యాయి. ఈ దుకాణాల్లో బేరం లేదు, నకిలీ భయమూ తక్కువే.

కొత్త అభిరుచిని తెచ్చినవారిలో సురయ్యా హసన్ బోస్‌ది ప్రత్యేక స్థానం. రాయదుర్గంలో మగ్గాలు పెట్టి, వితంతువులకు నేత నేర్పించి, కనుమరుగవుతున్న హిమ్రూ, మష్రూ బట్టలను మళ్లీ నేయించారు. ఆమె 2021లో కన్నుమూశారు.

అయినా ఇక్కడి బట్టల్లో అందరికీ తెలిసినది పోచంపల్లి ఇక్కత్. దానికి 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేతకు ముందే నూలును కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. ఈ పనిని చిట్కి అంటారు. దీనికి పెద్దక్క చీరాల తేలియా రుమాలు. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నూలును నానబెట్టడం వల్ల ఎరుపు గట్టిగా పట్టేది. ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడలెక్కిన ఆ రుమాలు ఇప్పుడు పుట్టపాకలో బతుకుతోంది; దాని గుర్తింపు 2020 నాటిది.

ఇక్కత్ బొమ్మను అచ్చు వేసిన బట్టలూ ఇప్పుడు బజారు నిండా ఉన్నాయి. వాటిని పట్టుకోవడం కష్టమేమీ కాదు. బట్టను తిరగేసి చూడాలి: నేసిన ఇక్కత్‌లో రంగు రెండువైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, అచ్చు వేసినదానికి వెనకవైపు వెలవెలబోతుంది.