కింగ్ పిన్ ఇండెంటు

ముందు భాగాన బెంజి నక్షత్రంతో తిరిగిన టాటా లారీలు మన తరం వారికి గుర్తుండే ఉంటాయి. 1945లో రైలింజన్ల కోసం పుట్టిన టెల్కో, 1954లో జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని లారీల్లోకి దిగింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి ‘టి’ అక్షరం వచ్చింది.

అలాంటి లారీ ఒకటి మా ఆఫీసులోనూ ఉండేది. డ్రైవరు కింగ్ పిన్ సెట్టుకి ఇండెంటు పెడితే, ‘నిరుడే కొన్నారు కదా’ అని అభ్యంతరం రాసి ఫైలు వెనక్కి పంపింది నేనే. రూల్సు ప్రకారం తప్పు లేదు మరి!

మొన్న విజయవాడ ఆటోనగర్‌లో ఆనాటి లారీనే ఒకదాన్ని బాగుచేస్తుంటే నిలబడి చూశాను. ముందు ఇరుసు చివర చక్రం పక్కలకు తిరిగేది ఈ పిన్ను ఆధారంగానే. జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే లొటలొటలాడింది. మేస్త్రీ బ్రేకు తొక్కించి మళ్లీ ఊపాడు. కదలిక ఆగితే లోపం బేరింగుదట. ఆగలేదు. పిన్ను, కంచు బుష్షులు అరిగాయన్నమాట.

కొత్త బుష్షులు దిగ్గొట్టి, పిన్ను బిగువుగా తిరిగేలా రీమరు పట్టాడు. అంతకన్నా ఎక్కువసేపు చూసింది బుష్షు రంధ్రం గ్రీజు రంధ్రానికి ఎదురుగా పడిందా లేదా అని. పడకపోతే గ్రీజు లోపలికి పోదు, కొత్త సెట్టు ఏడాది తిరక్కుండానే అరుగుతుందన్నాడు.

నిరుడు కొన్నది ఇంతలో ఎందుకు పోయిందని ఆనాడు నేను అడగనేలేదు. మళ్లీ మంజూరయ్యే దాకా, నాలుగు నెలలు, ఆ డ్రైవరు వణికే స్టీరింగును రెండు చేతులా బిగబట్టి తోలాడు.