కనుపాప కొలతకు వ్యాఖ్యానం

వాక్యం: “వెలుతురు తగిలిన కనుపాప ఎంత ముడుచుకుందో, ఎంతసేపటికి తేరుకుందో కొలిస్తే మనిషి ఒత్తిడినీ దేహలయనూ అంచనా కట్టవచ్చు.”

వెలుతురు: ఏ వెలుతురైనా ఒకటే అనుకోకూడదు. రెటీనాలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. 480 నానోమీటర్ల దగ్గరి నీలికాంతికి అవి బాగా స్పందిస్తాయి. ఈ కణాలు వాటంతటవే వెలుతురును పసిగడతాయని 2002లో తేలింది. మెదడులోని జీవగడియారానికి పగలో రాత్రో తెలిపేదీ, కనుపాప ముడుచుకునేలా చేసేదీ ఈ జాతి కణాలే. అందుకే కంట్లోకి చూసి గడియారం సంగతి అడగగలుగుతున్నాం.

ముడుచుకుందో: టార్చి వేసిన సెకనులో ఐదో వంతుకే ముడుచుకోవడం మొదలవుతుంది. ఒక కంట్లో వేసినా రెండూ ముడుచుకుంటాయి. ముడిచేది పారాసింపథెటిక్ నాడి, విప్పేది సింపథెటిక్. భయం, ఆందోళన ఉన్నప్పుడు విప్పే నాడిదే పైచేయి.

నల్లగొండ, పాలమూరు పత్తిచేల దగ్గర మాత్రం ఇంకో సంగతి ముందు చూడాలి. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు ఒంట్లో చేరితే అసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైము ఆగిపోతుంది. కనుపాప సూదిమొనంత అవుతుంది. విరుగుడుగా ఎక్కించే అట్రోపిన్ దాన్ని మళ్లీ విప్పుతుంది. మన దిబ్బల మీది ఉమ్మెత్తలోనూ ఉన్నది అదే. చేన్లో మందు కొట్టి వచ్చిన కూలీ కనుపాప చిన్నగా ఉందని “ఒత్తిడి లేదు” అని రాసేవాడి చేతికి యంత్రం ఇవ్వకపోవడమే మేలు.

తేరుకుందో: ఎర్రకాంతి ఆపితే కనుపాప త్వరగా విప్పారుతుంది. నీలికాంతి ఆపినా కొన్ని సెకన్లు ముడుచుకునే ఉంటుంది. మెలనాప్సిన్ కణాల పనితనం ఈ తేడాలో కనబడుతుంది.

కొలిస్తే: ప్యూపిలోమీటరులోని ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో. కంటి శిబిరంలో అయితే కనుపాపను విప్పే చుక్కల మందు వేయకముందే కొలవాలి. వేశాక కొన్ని గంటలపాటు కనుపాప వెలుతురును లెక్కచేయదు.

దేహలయ: అంటే నిద్ర, మెలకువల లయ. ఇక్కడే చిక్కు, రైతు నిద్ర కరెంటు వేళలను బట్టి ఉండేది. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు రాత్రి విడతలో కరెంటు వస్తే రైతు అర్ధరాత్రి లేచి బోరు దగ్గరికి పోవలసిందే. నిద్ర చాలని మనిషిని చీకట్లో కూర్చోబెడితే కనుపాప నిలకడగా ఉండదు, మెల్లగా ఊగుతూ చిన్నదవుతుంది. మరి అప్పుల దిగులు దాన్ని పెద్దది చేస్తుంది. రెండూ ఉన్న రైతు కంట్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుని, కొలత మామూలుగానే కనిపించవచ్చు. ఆ మామూలును నేనైతే నమ్మను.

అంచనా: వయసు పెరిగితే కనుపాప చిన్నదవుతుంది. షుగరు ముదిరి నాడులు దెబ్బతింటే స్పందన మందగిస్తుంది. కనుక ఏ పూట కొలిచారో, ఎంత వెలుతురులో కొలిచారో రాసిపెట్టి, అదే మనిషి పాత కొలతతో పోల్చాలి. పక్కింటాయన కొలతతో కాదు.